గంటకెంత భాయ్?

"భాయ్, గంటకెంత తీసుకుంటావు?" అని ఫోన్లో ఎవరైనా అడిగితే ఇప్పుడు తడుముకోకుండా చెప్పేస్తాను. మొదటి గంటకు 350. ఆ తర్వాత ప్రతి అరగంటకు 175. సామాను వేరే, దుకాణం రసీదుతో సహా మీ చేతికిస్తాను. అంతే, నాలుగు ముక్కలు. ఈ నాలుగు ముక్కలు షరమ్ లేకుండా నా నోట్లోంచి రావడానికి పదమూడేళ్లు పట్టింది. మా అబ్బాకైతే నలభై ఏళ్లు నిచ్చెన ఎక్కి దిగినా రాలేదు.

అబ్బా కూడా ఎలక్ట్రీషియనే. కర్నూలు వన్‌టౌన్‌లో ఆయన్ని 'కరెంటు సాయిబు' అనేవాళ్లు. అసలు పేరు చాలామందికి తెలీదు. పనైపోయాక టెస్ట్‌ల్యాంపు వైరు మోచేతికి చుట్టుకుని, కింద రాలిన సిమెంటు పొడిని తనే చీపురడిగి ఊడ్చి, గుమ్మం దగ్గర నిలబడేవాడు. "ఎంతియ్యాల భాయ్?" అని ఇంటాయన అడిగేవాడు. అబ్బా చూపు నేలమీదికి పోయేది. "మీకు తోచింది ఇయ్యండి సార్." మనవాళ్ల ఇల్లయితే, "ఆప్‌కీ మర్జీ." అవతలివాడి మర్జీ ఎప్పుడూ మన మెహనత్ కంటే ఒక నోటు తక్కువే ఉంటుంది. ఇది నేను చిన్నప్పుడే కనిపెట్టిన సూత్రం. ఇచ్చిన డబ్బు లెక్కపెట్టకుండా మడిచి చొక్కాజేబులో పెట్టుకుని ఇంటికొచ్చి అమ్మీ చేతికిచ్చేవాడు. లెక్కపెట్టేది అమ్మీ. ఆ రోజు పని ఖరీదెంతో మాకు అమ్మీ మొహం చూస్తే తెలిసేది.

దీన్ని మావాళ్లు మురవ్వత్ అంటారు. తెలుగులో మొహమాటం అనొచ్చు గానీ సరిపోదు. మొహమాటంలో ఇబ్బంది ఒక్కటే ఉంటుంది. మురవ్వత్‌లో కాస్త గర్వం కూడా ఉంటుంది, నోరు తెరిచి అడక్కపోవడమే ఖాన్‌దానీ లక్షణం అన్నట్టు. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపిస్తున్నప్పుడు ఈ నవాబీ ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు.

2009 అక్టోబర్ 2. గాంధీ జయంతి, పైగా జుమ్మా. కర్నూల్లో ఉన్నవాళ్లకు ఆ తారీఖు చెప్తే చాలు. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊళ్లోకొచ్చాయి. మా అద్దె ఇల్లు కూడా మునిగింది. నీళ్లు తీశాక గల్లీల్లో ఎక్కడ చూసినా బురదే. నాకప్పుడు ఇరవై. ఐటీఐ అయిపోయి అబ్బా వెంట తిరుగుతున్నాను. స్విచ్‌బోర్డు స్క్రూలు విప్పితే లోపల్నుంచి గిన్నె వంచినట్టు బురద జారేది. మీటరు బోర్డుల్లో ఒండ్రు, పైపుల్లో ఒండ్రు. అట్లాంటి ఇంటికి తొందరపడి కరెంటు ఇస్తే తడిగోడ ముట్టుకున్నవాడి ప్రాణం పోతుంది. అందుకే ముందు మెయిను తీసేయాలి. ఒక్కో బోర్డూ విప్పి, మంచినీళ్లతో కడిగి, ఎండలో పెట్టాలి. నానిన జాయింట్లు కోసేసి కొత్తగా చుట్టాలి. టెస్ట్‌ల్యాంపుతో ఒక్కో లైనూ చూసుకుని అప్పుడు ఫ్యూజు పెట్టాలి. చిన్న ఇంటికైనా సగం రోజు తినేస్తుంది.

ఆ రోజుల్లో ఊళ్లో మంచినీళ్ల క్యాను నుంచి కొవ్వొత్తి దాకా అన్నిటి రేటూ పెరిగింది. మా పని రేటు కూడా. ఒక్క ఇంటికి రెండు వేలు, మూడు వేలు అడిగినవాళ్లున్నారు. మారు మాట్లాడకుండా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. అబ్బా మా గల్లీలో ఒక్కరి దగ్గరా మజూరీ తీసుకోలేదు. వైరు, హోల్డరు, టేపు డబ్బులు మాత్రం తీసుకున్నాడు. అవీ లేవన్నవాళ్లకు ఉధార్. ఇట్లా మూడు వారాలు. గల్లీ మొత్తంలో అందరికంటే చివర్న లైటు వెలిగింది మా ఇంట్లో.

ఒక రాత్రి పట్టలేక అడిగేశాను. "ఆపా నిఖాకు కొన్న సామానంతా బురదలో పోయింది గదా అబ్బా. మళ్లీ ఎవరు కొనిస్తారు మనకు?" అబ్బా బురద కాళ్లు కడుక్కుంటూ, "ఇస్ వక్త్ పైసే పూఛే తో జిందగీభర్ సర్ ఉఠాకే నై చల్ సక్తే" అన్నాడు. ఇప్పుడు డబ్బులడిగితే ఈ గల్లీలో జిందగీ అంతా తలెత్తుకుని నడవలేమని. నిజమే కావచ్చు. కాని ఆపా నిఖా రెండేళ్లు వెనక్కి పోయింది. దానికోసం తెచ్చిన కర్జ్‌కు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. ఆ వడ్డీ కట్టడానికే 2013లో నేను షార్జా విమానం ఎక్కాను. తలెత్తుకునే నడిచాం, ఎయిర్‌పోర్టు దాకా.

షార్జాలో ఒక మెయింటెనెన్స్ కంపెనీ. జీతం నెలకు 1,300 దిర్హమ్‌లు. రోజుకు పది గంటలు, నెలకు 26 రోజులు. మూడో ఏడు ఒక విల్లాలో ఏసీ లైను పని ముగించుకుని వస్తుంటే, బండిలో డ్రైవరు పక్కన జాబ్ కార్డు పడి ఉంది. కస్టమరు సంతకం పెట్టిన కాపీ. 'ఎలక్ట్రీషియన్, 3 గంటలు' అని ఉంది. దాని పక్కన గంటకు 45 దిర్హమ్‌లు అని. క్యాంపు వచ్చేదాకా ఆ కాగితం వైపే చూస్తూ కూచున్నాను. 1,300ని 260 గంటలతో భాగిస్తే 5. నా గంట 45కి అమ్ముడుపోతోంది. నా చేతికి 5 వస్తోంది. ఫోర్‌మన్‌ను అడిగాను. కేరళ ఆయన, మనిషి మంచివాడే. నవ్వి, "వీసా ఎవరు కడతారు? రూము, బండి, పెట్రోలు? పని లేని రోజు కూడా నీకు జీతం ఎవరిస్తారు?" అన్నాడు. ఆ జవాబు అబద్ధం కాదు. కాని నలభై దిర్హమ్‌లకు సరిపోయే జవాబూ కాదు.

అప్పటిదాకా పనికి ఖరీదుంటుందనే తెలుసు నాకు. పాయింటుకింత, ఫ్యాను బిగిస్తే ఇంత, మోటరు స్టార్టరు చూస్తే ఇంత. గంటకు కూడా ఖరీదుంటుందని, అది నాకు తెలీకుండా నా పేరు మీదే రాసుకుంటున్నారని ఆ రోజు తెలిసింది.

2017లో కర్జ్ తీరాక వాపస్ వచ్చేశాను. అబ్బా మోకాళ్లు అరిగిపోయి నిచ్చెన ఎక్కడం మానేశాడు. ఆయన కస్టమర్లు నాకు విరాసత్‌గా వచ్చారు. వాళ్లతోపాటు "మీకు తోచింది" కూడా వచ్చింది. షార్జాలో అంత తెలివి నేర్చుకుని వచ్చినవాణ్ణి, గుమ్మం దగ్గరికి రాగానే నా చూపు కూడా నేలమీదికే పోయేది. రక్తంలో ఉంది కాబోలు.

2022లో రంజాన్‌కు కొద్దిగా ముందు పెద్దోడి స్కూలు నుంచి ఫీజు కోసం మూడోసారి ఫోనొచ్చింది. ఆ రాత్రి మా బేగం ఒక్కటే మాట అడిగింది. "పొద్దున తొమ్మిదికి పోతారు, రాత్రి ఏడుకొస్తారు. అంత పనుంటే డబ్బులెందుకు లేవు? పని లేకపోతే అంతసేపు ఎక్కడుంటున్నారు?" కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మర్నాటి నుంచి ఒక నెలపాటు పాత డైరీలో రాశాను. ఎన్నింటికి బయల్దేరాను, ఎన్నింటికి పని మొదలుపెట్టాను, ఎన్నింటికి ఆపాను. రాస్తే గానీ తెలీలేదు నేను ఎక్కడుంటున్నానో. వన్‌టౌన్ నుంచి నంద్యాల చెక్‌పోస్టు, అక్కడ్నుంచి బళ్లారి చౌరస్తా, మళ్లీ వెనక్కి. ఇంటివాళ్లు తాళం తీసేదాకా గేటు ముందు అరగంట. ఒక్క స్విచ్ కోసం దుకాణానికి పోయి రావడం. "ఊరికే ఒకసారి వచ్చి చూసి ఎంతయితాదో చెప్పు" అని పిలిచి, చూశాక మళ్లీ ఫోనెత్తనివాళ్లు. "ఆదివారం రా, ఇస్తా" అన్న డబ్బుకోసం రెండోసారి, మూడోసారి. రోజుకు పది గంటలు ఇంటి బయట ఉంటే, చేతిలో స్క్రూడ్రైవర్ ఉన్నది నాలుగున్నర గంటలు. డబ్బులొచ్చేది ఆ నాలుగున్నరకే. మిగతా ఐదున్నర గంటలు నేను ఊరికి ఖైరాత్ చేస్తున్నాను.

బేగం, నేను కూచుని హిసాబ్ వేశాం. ఇంటద్దె 7,000. బియ్యం, నూనె, పాలు, గ్యాస్, గోష్ కలిపి 9,000. పిల్లల ఫీజులు నెలలకు పంచితే 4,000. అమ్మీ షుగరు మాత్రలు, అబ్బా మోకాళ్ల మందులు 1,500. కరెంటు, ఫోన్లు 1,500. చీటీ 3,000. ఈద్ బట్టలు, పెళ్లిళ్ల చదివింపులు, అనుకోని ఆస్పత్రి, వీటికి 2,000. మొత్తం 28,000. ఇక పని ఖర్చు. పెట్రోలు 3,000, బండి సర్వీసు 500, డ్రిల్ బిట్లు, టేపు, కటింగ్ ప్లేయరు, డ్రిల్లింగ్ మిషన్ అరుగుదల 1,500. అంటే 33,000. జుమ్మాలు, జ్వరాలు, చావులు, నిఖాలు పోను పని దొరికే రోజులు 24. రోజుకు నాలుగున్నర గంటల చొప్పున 108 గంటలు. 33,000ని 108తో భాగిస్తే 305 చిల్లర. పదిలో ఒక వంతు ఎప్పటికీ వసూలు కాదు, అది కలిపితే 339. బేగం 350 అని రాసి కింద రెండు గీతలు గీసింది.

డైరీ ప్రకారం ఆ నెల నాకొచ్చింది 21,600. గంటకు 200. తేడా ఎక్కణ్ణుంచి పూడుతోందో నాకూ తెలుసు, బేగానికీ తెలుసు. ఆమె గాజులు బ్యాంకులో ఉన్నాయి. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

అబ్బాకు చెప్తే మంచం మీద లేచి కూచున్నాడు. "ఘంటే కా హిసాబ్? హమ్ క్యా ఆటో హై, మీటర్ లగాకే ఫిర్నేకూ?" మనమేమైనా ఆటోలమా, మీటరు తగిలించుకుని తిరగడానికి అని. నలభై ఏళ్ల ఇజ్జత్ గల్లీలో పోతుందన్నాడు. డైరీ చూపిస్తే మొహం తిప్పుకున్నాడు. అంకెలు ఆయనకు నచ్చవు. చివరికి పని చేసింది నా హిసాబ్ కాదు. జుహర్ నమాజ్ తర్వాత మసీదులో హజ్రత్‌ను నేనే కదిపాను, అబ్బా పక్కనే ఉండగా. కిరాయైనా మజూరీ అయినా పని మొదలుకాకముందే ఎంతన్నది ఇద్దరికీ తెలిసుండాలి, తెలీకుండా వదిలేస్తే తర్వాత ఝగడా వస్తుంది, అందుకే ముందే తేల్చుకోమన్నారు అని ఆయన మామూలుగా చెప్పుకుపోయాడు. అబ్బా దారంతా మాట్లాడలేదు. చెమట ఆరకముందే మజూరీ ఇవ్వాలన్న మాట మా ఇళ్లల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. దానికి ముందు ఈ మాట ఉందని ఆయన ఎప్పుడూ ఆలోచించినట్టు లేదు. రాత్రి అన్నం దగ్గర, "బోల్ దే. పహలేచ్ బోల్ దే. బాద్ మే నక్కో" అన్నాడు. అది ఇజాజత్.

ఇజాజత్ దొరికింది గానీ గంట అనేది ఎంత వంకర కొలతో పనిలోకి దిగాకే తెలిసింది.

వెంకటరమణ కాలనీలో ఒక ఇంటి నుంచి రాత్రి ఎనిమిదికి ఫోను. కొన్ని గదుల్లో లైట్లు మసకబారాయి, కొన్ని గదుల్లో కళ్లు చెదిరేలా వెలుగుతున్నాయి అని. త్రీఫేజ్ ఇల్లు. వినగానే అర్థమైంది, న్యూట్రల్ తెగింది. న్యూట్రల్ పోతే 230 రావాల్సిన చోట ఒక ఫేజులో బాగా తగ్గుతుంది, ఇంకో ఫేజులో 400 దాకా ఎగబాకొచ్చు. టీవీ, ఫ్రిజ్ కాలిపోవడానికి నిమిషాలు చాలు. మెయిన్ ఆపేయమని ఫోన్లోనే చెప్పి పరిగెత్తాను. మీటరు తర్వాత న్యూట్రల్ లింకులో స్క్రూ వదులై, వైరు కొస నల్లగా మాడి ఉంది. కొస కోసి, లగ్గు వేసి, బిగించాను. ఇరవై నిమిషాలు. 350 అంటే ఆయన గడియారం చూశాడు. "ఇరవై నిమిషాలకా?" పని నేర్చుకోని రోజుల్లో అయితే ఇదే పనికి రెండు గంటలు తడుముకునేవాణ్ణి, 700 వచ్చేది, ఆయన సంతోషంగా ఇచ్చేవాడు. చేతికి పని వచ్చేకొద్దీ గంట మనకు ఎదురు తిరుగుతుంది. అందుకే 'మొదటి గంట పూర్తిగా' అన్న షరతు పెట్టుకున్నాను. ఐదు నిమిషాల పనైనా 350. రాకపోకలు అందులోనే.

దీనికి పూర్తిగా ఉల్టా ఇంకొకటి. ఒక ఇంట్లో ఆర్‌సీసీబీ మాటిమాటికీ ట్రిప్ అవుతోంది. ఎక్కడో లీకేజీ. అన్ని ఎంసీబీలూ దించి, ఒక్కొక్కటే ఎత్తుకుంటూ పోతే ఏది ఎత్తినప్పుడు పడిందో ఆ లైనులో దోషం, ఇది మామూలు పద్ధతి. కాని అక్కడ ఏ లైను ఎత్తి లోడు వేసినా పడుతోంది. గీజరు విప్పాను, వాషింగ్ మిషన్ ప్లగ్గు విప్పాను, బాత్రూం బోర్డు విప్పాను. మూడు గంటలు గడిచాక బుర్రకు తట్టింది. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజునే ఆపుతుంది, న్యూట్రల్‌ను ఆపదు. ఏదో ఒక లైనులో న్యూట్రల్, ఎర్త్ కలిసి ఉంటే ఆ ఎంసీబీ దించినా దోషం అట్లాగే ఉంటుంది, వేరే లైన్ల లోడును కూడా పడేస్తుంది. న్యూట్రల్ వైర్లు లింకు నుంచి ఒక్కొక్కటే ఊడదీసి ఎర్తుకు కొలిస్తే అరగంటలో దొరికింది. హాల్లో కొత్తగా గోడగడియారం తగిలించడానికి కొట్టిన మేకు. పైపులోకి దిగి రెండు వైర్లనూ కుట్టేసింది.

నాలుగు గంటలు. 1,400. ఇంటావిడ స్కూల్లో టీచరు. గొంతు పెంచకుండా అడిగింది. "భాయ్, మీకు తెలీక వెతికిన టైముకు కూడా నేనే ఇయ్యాలా?"

ఆ ప్రశ్న ఇప్పటికీ నాతోనే ఉంది. పాయింటు రేటులో ఈ పేచీ లేదు. కొత్త ఇంటి వైరింగు నేను ఇప్పటికీ పాయింట్ల మీదే ఒప్పుకుంటాను. గోడ గట్టిగా ఉండి గాడి కొట్టడం ఆలస్యమైనా, పైపులో వైరు ఇరుక్కున్నా ఆ నష్టం నాది, త్వరగా అయితే లాభం నాది. గంట లెక్కలో నష్టం మొత్తం ఇంటివాళ్ల నెత్తిన పడుతుంది. నా తెలివితక్కువ కూడా వాళ్లే కొనుక్కోవాలి. మొదటే న్యూట్రల్ సంగతి తట్టి ఉంటే గంటన్నరలో అయ్యే పని అది. రెండు గంటలకు 700 తీసుకున్నాను. ఇప్పుడు డైరీలో 'నావి' అని ఒక వరుస గీశాను. నేను నేర్చుకున్న గంటలు అందులో పోతాయి. అమీన్‌లా ప్రవర్తించానని చెప్పుకోవడం లేదు. ఆ వరుసలో రాయడానికి చేయి రాని రోజులు కూడా ఉన్నాయి.

గడియారం ఇంకో పని కూడా చేసింది. నన్ను చూసే చూపు మార్చేసింది. సీ క్యాంపు వైపు ఒక రిటైర్డ్ పెద్దమనిషి కుర్చీ తెచ్చుకుని నిచ్చెన పక్కనే కూచున్నాడు, ఫోన్లో టైమరు పెట్టుకుని. అస్ర్ నమాజుకు పావుగంట వెళ్లొచ్చాను. ఆ పావుగంట తీసేయమని నేనే చెప్పాను, అది న్యాయం. వాళ్లావిడ చాయ్ ఇచ్చింది. నిలబడే తాగాను. చివర్న ఆయన లెక్క చదివాడు. "నమాజు పదిహేను, చాయ్ పది, మొత్తం ఇరవై అయిదు నిమిషాలు తీసేసినా." లోపల్నుంచి ఆవిడ "అయ్యో, చాయ్ నేనిచ్చినా కదండీ" అంటోంది. ఆ రోజు నుంచి గంట పని ఉన్న ఇళ్లల్లో చాయ్ వద్దంటున్నాను. అబ్బా నలభై ఏళ్లలో ఏ ఇంట్లోనూ చాయ్ వద్దనలేదు. డబ్బులు తక్కువిచ్చిన ఇళ్లల్లో కూడా ఆయన కూచుని, పిల్లల చదువులు అడిగి, చాయ్ తాగి వచ్చేవాడు. అది ఆయనకు మజూరీలో భాగమేమో. నేను 350 తెచ్చుకుంటున్నాను, ఆ చాయ్ పోగొట్టుకున్నాను.

ఇక మా గల్లీ. 2009 బురదలో అబ్బా బోర్డులు కడిగిన ఇళ్లు. వాళ్లకు గంట లెక్క చెప్పడానికి మొదట్లో నోరు రాలేదు. చెప్పాక ఒకాయన, "మీ అబ్బా అయితే ఒక్క రూపాయి అడిగేవాడు కాదు" అన్నాడు. అవును చాచా, అందుకే ఆయన కొడుకు అడుగుతున్నాడు, అని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. కొందరు వేరే వాళ్లను పిలుచుకుంటున్నారు. కొందరు పాతికేళ్ల ఉధార్‌తో సహా మర్చిపోయారు. ఎదురింటి ఖాలా మాత్రం, ఒంటరి మనిషి, ఫ్యాను రెగ్యులేటర్ మార్చాక కొంగుముడి విప్పి 100 నోటు నా చేతిలో పెట్టి, "ఇది నీ ఘంటే కాదు, నీకు తెలుసు, నాకూ తెలుసు. కాని ఊరికే చేయించుకోను" అంది. తీసుకున్నాను. తీసుకోకపోతే ఆమె ఇజ్జత్ పోతుంది. ఇట్లాంటివి నెలకు నాలుగైదు గంటలు డైరీలో వేరే రాస్తాను. జకాత్ అని మాత్రం పేరు పెట్టలేదు. అంత గొప్పవాణ్ణి కాదు, పైగా జకాత్‌కు వేరే హిసాబ్ ఉంది.

గాజులు పోయినేడు విడిపించాం. ఇంతవరకు చెప్పి ఆపేస్తే నాకు కూడా బాగానే ఉండేది.

కాని ఈ ఏడు ఒక శాగిర్ద్‌ను పెట్టుకున్నాను. ఐటీఐ చదువుతున్న పిల్లాడు, పద్దెనిమిదేళ్లు. సెలవుల్లో, సాయంత్రాల్లో వస్తాడు. నిచ్చెన పట్టుకుంటాడు, వైరు లాగుతాడు, చేయి చురుకు. ఊళ్లో నడిచే రేటు చూసి రోజుకు 400 ఇస్తున్నాను. అతను వచ్చిన పనులకు బిల్లులో హెల్పర్ అని ఒక వరుస వేసి గంటకు 150 రాస్తున్నాను. పోయిన సోమవారం బిల్లు బుక్కు బండి కవర్లో మర్చిపోయాను. అతను తీసుకొచ్చి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు పేజీ తెరిచే ఉంది. 'హెల్పర్, 6 గంటలు, 900.'

"ఉస్తాద్, ఇది నాదేనా?" అన్నాడు.

నాకు ఫోర్‌మన్ నవ్వు గుర్తొచ్చింది. నోట్లోకి జవాబులు వాటంతట అవే వచ్చేశాయి. బండి నాది. పెట్రోలు నాది. డ్రిల్లింగ్ మిషన్ నాది. నువ్వు తప్పుచేస్తే మళ్లీ చేసేది నేను. పని నేర్పేది నేను. వసూలు కాకపోతే నష్టం నాది. అన్నీ నిజాలే. షార్జాలో కూడా అన్నీ నిజాలే. నేను ఒక్కటీ అనలేదు. అతనూ మళ్లీ అడగలేదు. తల వంచుకుని వైరు చుట్ట కడుతున్నాడు, అచ్చం గుమ్మం దగ్గర అబ్బాలాగా.

"జుమ్మా రోజు కూచుని మాట్లాడుకుందాం" అన్నాను.

రాత్రి డైరీ తీసి వేశాను. 500 అనుకుంటే చాలదనిపిస్తోంది, గంటకు 100 అనుకుంటే నా 350 పెంచాల్సొస్తుంది. బేగం పక్కన కూచుని చూస్తోంది, పెన్సిలు ఇంకా ఆమె చేతికివ్వలేదు. అబ్బా మంచం మీంచి అడిగాడు, "ఆ పిల్లాడికి పనిలో పెట్టుకునే ముందే చెప్పినావా ఎంతో?"

చెప్పలేదు. అతను "మీ ఇష్టం ఉస్తాద్" అన్నాడు, నేను సరే అన్నాను.

రేపే జుమ్మా.